పిత్తనాళపు రాళ్ళు - స్టెంటు గడువు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కామెర్లు అను మాట వినగానే పల్లెలలో మొదట తలచునది పసరు మందు. కాని కామెర్లు ఒక వ్యాధి కాదు. పెక్కు వ్యాధులకు కనిపించు గుర్తు. కాలేయము వాచుటచే వచ్చునవి కొన్ని. పైత్యరసము పోవు దారి మూసికొనుటచే వచ్చునవి మరికొన్ని. ఈ రెండవ రకమునకు ముఖ్య కారణములలో ఒకటి పిత్తనాళమున పడిన రాయి. దీనిని పసరు కరగింపజాలదు, వాతలు కదలింపజాలవు.

కాలేయమున దినమునకు సుమారు అరలీటరు మొదలు లీటరు వరకు పైత్యరసము పుట్టును. పిత్తాశయమను చిన్న సంచిలో అది నిలువ ఉండి, భోజనానంతరము నాళము గుండా చిన్నప్రేవులోనికి దిగును. సంచిలో ఏర్పడిన రాయి జారి నాళమున నిలిచినచో, పంటకాలువ తూమునకు మొద్దు అడ్డుపడినట్లగును. కన్నులు పచ్చబడును, మూత్రము ముదురు రంగు దాల్చును, మలము తెల్లబారును, ఒడలు దురద పెట్టును. నిలిచిన రసమున క్రిములు చేరినచో కడుపునొప్పి, చలిజ్వరము తోడగును. నొప్పి, జ్వరము, కామెర్లు - ఈ మూడును కలసి వచ్చుటను ఫ్రెంచి వైద్యుడు షార్కో 1877లో వర్ణించెను. ఈ స్థితిలో ఆలస్యము ప్రాణాంతకము కావచ్చును.

పూర్వము దీనికి పొట్ట కోయుటయే మార్గము. 1974లో జర్మనీలో క్లాసెన్, డెమ్లింగులును, జపానులో కవాయి బృందమును, నోటిద్వారా ఎండోస్కోపు పంపి నాళద్వారమును కొంచెము కోసి రాయిని వెలికితీయు పద్ధతిని ప్రకటించిరి. నేడు ఇ.ఆర్.సి.పి. అని వ్యవహరింపబడు ఈ విధానముచే పెక్కు రాళ్ళను చిన్న బుట్టతో గాని, బెలూనుతో గాని తీయవచ్చును. మిగిలినవే కష్టసాధ్యములు: 15 మిల్లీమీటర్లకు మించినవి, అనేకములై నాళము నిండినవి, ఇరుకైన చోటికి ఎగువన చిక్కుకొన్నవి.

ఇట్టి వానిని నాళద్వారమును పెద్ద బెలూనుతో వెడల్పు చేసి గాని, యంత్రముతో నలిపి గాని, లేసరుతో పగులగొట్టి గాని తీయుదురు. కాని రోగి మిక్కిలి వృద్ధుడై, జ్వరపీడితుడై ఉన్నచో అన్నియు ఒకేసారి చేయుట సాహసము. అప్పుడు స్టెంటు అక్కరకు వచ్చును. 1980లో హాంబర్గు వైద్యుడు సోహేంద్ర ప్రకటించిన ఈ గొట్టపు చికిత్స, తొలుత కేన్సరుచే మూసికొన్న నాళముల కొరకు ఉద్దేశింపబడినది. ఈ ప్లాస్టికు గొట్టమును రాయి ప్రక్కగా అమర్చినచో, ఒక కొన రాతికి ఎగువను, రెండవ కొన ప్రేవులోను ఉండి, రసము దిగుటకు దారి యిచ్చును. కామెర్లు తగ్గును, జ్వరము దిగును. అంతియే కాదు, కొన్ని నెలలు గొట్టమును రాయియు ఒరసికొనుటచే పెక్కుమందిలో రాళ్ళు చిన్నవగుటయు, పగులుటయు వైద్యులు గమనించిరి. రెండవసారి తీయుట సులభమగును.

అసలు చిక్కు ఇచ్చటనే. ఆకలి పుట్టి, పనికి పోగలిగిన పిమ్మట రోగి తన వ్యాధి పోయినదనుకొనును. రాయి లోపలనే ఉన్నది. గొట్టము క్రమముగా మడ్డితో పూడును. మరల చలిజ్వరము వచ్చును. అందుచేత 3 మొదలు 6 నెలలలోపల దానిని తీయవలెను, లేదా మార్చవలెను అని ఐరోపా ఎండోస్కోపీ వైద్యసంఘము 2019లో సూచించినది. శాశ్వతముగా ఉంచుట, వేరు చికిత్సకు తాళలేని అతివృద్ధులకు, ఆయువు స్వల్పమైన వారికి మాత్రమే తగును.

స్టెంటు అమర్చునది వైద్యుడు. గడువు జ్ఞాపకముంచవలసినది ఇల్లు. ఆసుపత్రి కాగితముపై అమర్చిన తేదియు, తీయవలసిన తేదియు ఉన్నవో లేవో అడిగి తెలిసికొని, గోడ కేలెండరుపై వ్రాసికొనవలెను. చదువురాని వృద్ధులకు ఆ కాగితము చదివి చెప్పువారుండవలెను. ఇరువదియైదేండ్లుగా ఊరికి అక్షరము పంచిన ఈ గ్రంథాలయమున అట్టి యువకులకు కొదువ లేదు. పుస్తకములతో పాటు ఆ సేవయు ఇచ్చట వర్ధిల్లుగాక!