సింహాచలం రాతిలో ఏముంది?

సింహాచలం కొండ ఎక్కేటప్పుడు పక్కనున్న రాతిని ఎప్పుడైనా ఆగి చూశారా? ఎండకు, వానకు తుప్పు రంగు తేలిన పైపొరను కాస్త గీకితే తెల్లటి చారలు, వాటి నడుమ దానిమ్మగింజల్లా ఎర్రటి పలుకులు కనిపిస్తాయి. ఆ పలుకులే గార్నెట్. రాతి పేరు ఖోండలైట్. ఒడిశాలోని కలహండి కొండలను పరిశీలించిన టి.ఎల్. వాకర్ అనే భూవిజ్ఞాని, అక్కడి ఖోండ్ ఆదివాసుల పేరు మీద 1902లో ఈ పేరు పెట్టాడు.

ఇంత గట్టి రాయీ ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమన్నే. అందులో అల్యూమినియం ఎక్కువ. కొంత ఇనుము, కాస్త జీవపదార్థం కూడా ఉన్నాయి. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భూఖండాలు ఒకదాన్నొకటి నెట్టుకున్నప్పుడు ఆ మట్టి కిలోమీటర్ల లోతుకు కూరుకుపోయింది. వేడి 800 డిగ్రీలు దాటింది. అంత వేడిలో బంకమన్ను బంకమన్నుగా ఉండలేదు. నీరు బయటికి పోయింది, మిగిలిన మూలకాలు కొత్త పొందికలో కూడుకున్నాయి. ఇనుము చేరినచోట గార్నెట్ వచ్చింది. అల్యూమినియం, సిలికా కలిసి సన్నటి పుల్లలుగా పెరిగితే సిల్లిమనైట్ అయింది. జీవపదార్థంలోని కర్బనం గ్రాఫైట్‌గా మిగిలింది.

సిల్లిమనైట్‌లో ఓ తమాషా ఉంది. అవే మూలకాలు, అదే పాళ్లలో కలిసి, ఒత్తిడి ఎక్కువైతే కయనైట్ అవుతాయి. వేడీ ఒత్తిడీ రెండూ తక్కువైతే ఆండలూసైట్ అవుతాయి. అందుకే రాతిలో సిల్లిమనైట్ కనిపించగానే అది బాగా వేడెక్కిన రాయని భూవిజ్ఞాని గ్రహిస్తాడు.

మరి ఏది ఏదో పోల్చుకోవడం ఎలా? రంగును నమ్ముకుంటే మోసపోతాం. పలుగురాయి ఒక్కటే తెల్లగా, గులాబీగా, పొగరంగులో దొరుకుతుంది. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త, ఏది దేన్ని గీయగలదో చూసి గట్టిదనానికి పది మెట్ల కొలబద్ద కట్టాడు. మొదటి మెట్టు టాల్క్, పదో మెట్టు వజ్రం. గార్నెట్ ఏడో మెట్టుకు అటూ ఇటూ ఉంటుంది, చాకుకు లొంగదు, గాజును గీస్తుంది. గ్రాఫైట్ కింది మెట్ల మీదే ఉంటుంది, కాగితం మీద రాస్తే నల్లటి గీత పడుతుంది. విరిగిన తీరూ చూడాలి. ఈ రాతిలోనే ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం నున్నటి పలకలుగా చీలి మెరుస్తుంది, పలుగురాయికి ఆ చీలిక లేదు.

ఆ ఫెల్డ్‌స్పారే రాతికి బలహీనత కూడా. వాననీటిలో కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది. అది తగిలి తగిలి ఫెల్డ్‌స్పార్ తెల్లసుద్దగా మారుతుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పు పడుతుంది. ఎత్తైన కొండ తలాల మీద సిలికా కూడా కడుక్కుపోతే మిగిలేది బాక్సైట్. కోరాపుట్‌లోని పంచపత్‌మలి గనులు అలా పుట్టినవే. 13వ శతాబ్దపు కోణార్క్ ఆలయంలో చాలా భాగం ఖోండలైటే, అక్కడి శిల్పాల అరుగుదల చూస్తే ఈ రాతి స్వభావం తెలిసిపోతుంది. ద్వారబంధాలకు మాత్రం క్లోరైట్ రాయి వాడారు. అది కాకతాళీయమని నేననుకోను.

గట్టి గింజలు మాత్రం కొట్టుకుపోయినా చావవు. వాగులు వాటిని సముద్రానికి చేరుస్తాయి, అల తేలికైన ఇసుకను లాక్కుపోయి బరువైన దాన్ని వదిలేస్తుంది. భీమిలి తీరంలో నల్లగా, ఊదారంగుగా కనిపించే చారలు అవే. నల్లవాటిలో ఎక్కువ ఇల్మనైట్ అనే ఖనిజం, ఊదావి గార్నెట్. ఆ పక్కనే ఉన్న ఎర్రమట్టి దిబ్బల్లో ఇసుక రేణువులకు ఐరన్ ఆక్సైడ్ పూత పట్టి ఎర్రబారాయి.

ఎండిన నల్ల ఇసుక మీదుగా మామూలు అయస్కాంతం తిప్పితే మాగ్నటైట్ రేణువులు ఎగిరి అంటుకుంటాయి. ఇల్మనైట్‌కు, గార్నెట్‌కు ఇంకా శక్తిమంతమైన అయస్కాంతం కావాలి. సిల్లిమనైట్ కదలదు. ఒడిశాలోని ఛత్రపురంలో ఐఆర్ఈఎల్ అనే సంస్థ కర్మాగారం ఇదే లక్షణాన్ని, గింజల బరువును, విద్యుత్తుకు అవి స్పందించే తీరును వాడుకుని తీరపు ఇసుకను విడదీస్తుంది. ఇలా విడదీసిన గార్నెట్‌ను గరుకు కాగితానికి, సిల్లిమనైట్‌ను కొలిమి ఇటుకలకు వాడతారు.