జీర్ణాశయపు కాన్సరు – గ్రంథుల లెక్క

నాంపల్లి రైల్వే స్టేషనులో దిగి రెడ్ హిల్సు వైపు నడచువారిలో, చేతిసంచితో పాటు ఒక పెద్ద కవరును భద్రముగా పట్టుకొన్నవారు మనకు తరచుగా కనిపింతురు. 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రి ఆ ప్రాంతముననే యున్నది. జిల్లాల నుండి వచ్చినవారు నాంపల్లి, ఆబిడ్సు వీథులలోని లాడ్జీలలో బసచేసి, కవరులోని కాగితములకు అర్థమేమని ఒకరినొకరు అడుగుకొనుచుందురు. జీర్ణాశయపు కాన్సరునకు శస్త్రచికిత్స జరిగినవారి కాగితములో ఒక చిన్న పంక్తి యుండును: పరీక్షించిన గ్రంథులు ఇన్ని, వానిలో వ్యాధి సోకినవి ఇన్ని. నేటి మా ప్రసంగము ఆ పంక్తిని గురించియే.

కాలికి పుండు పడి చీము పట్టినచో గజ్జలలో బిళ్ళ కట్టునని మన పల్లెలలో అందరు నెరుగుదురు. ఆ బిళ్ళయే లింఫు గ్రంథి. శరీరములోని ద్రవమును వడపోయు జల్లెడ యది. జీర్ణాశయము చుట్టును, దానికి రక్తము నిచ్చు నాళముల వెంబడిని ఇట్టి గ్రంథులు పదులకొలది గలవు. కాన్సరు కణములు పుట్టినచోటు విడిచినప్పుడు తరచుగా మొదట చిక్కుకొనునది ఈ జల్లెడలలోనే.

1881 జనవరి 29న వియన్నా నగరమందు బిల్‌రోత్ అను శస్త్రవైద్యుడు కాన్సరు పట్టిన జీర్ణాశయ భాగమును కోసి తీసి, మిగిలినదానిని ప్రేగునకు కలిపి కుట్టెను. రోగి కోలుకొనెను, కాని కొలది మాసములలోనే వ్యాధి తిరుగబెట్టి మరణించెను. కంటికి కనబడు గడ్డను తీసినంత మాత్రమున పని ముగియదని వైద్యలోకము క్రమముగా గ్రహించినది. జపాను వైద్యులు గ్రంథుల తావులకు అంకెలు వేసి, వానిని వరుసగా తొలగించు పద్ధతిని పెంపొందించిరి. హాలెండులో పదునైదేండ్లు రోగులను గమనించి 2010లో ప్రకటించిన ఫలితములలో, దగ్గరి గ్రంథులను మాత్రమే తీసినవారిలో నూటికి 48 మందియు, దూరపు వరుసను గూడ తీసినవారిలో 37 మందియు ఈ కాన్సరుతో మరణించిరి. అయితే రెండవ పద్ధతిలో శస్త్రచికిత్సను తట్టుకొనలేక పోయినవారి సంఖ్య హెచ్చుగా నుండెను. కనుక ఇది చేయి తిరిగినవారు చేయవలసిన పని.

ఇప్పటి వర్గీకరణమున, వ్యాధి సోకిన గ్రంథులు ఒకటి రెండైన మొదటి మెట్టు. మూడు మొదలు ఆరు వరకు రెండవది. ఏడు గాని, అంతకు మించి గాని యున్న మూడవది. మెట్టు పెరిగినకొలది వ్యాధి తిరుగబెట్టు భయము పెరుగును.

ఇచట మన బంధువులు పొరబడు తావు ఒకటి గలదు. "సోకినవి సున్న" యని చదివి ఊరట చెందుదురు. ఆరు గ్రంథులను చూచి చెప్పిన సున్నయు, ఇరువదియైదింటిని చూచి చెప్పిన సున్నయు ఒకటి కావు. గుప్పెడు బియ్యములో పురుగు కానరానంత మాత్రమున బస్తా యంతయు బాగున్నదనలేము గదా! అందుచేతనే కనీసము 16 గ్రంథులను పరీక్షింపవలెనని నియమము. 30 అయిన మరియు మేలు. వానిని తీయుట శస్త్రవైద్యుని పని. తీసిన క్రొవ్వులో వెదకి సూక్ష్మదర్శిని క్రింద చూచుట పరీక్షకుని పని. ఎవరి శ్రద్ధ తగ్గినను లెక్క తగ్గును. తరువాత మందులతో చికిత్స కావలెనా యను నిర్ణయమునకు ఈ లెక్క ఒక ముఖ్యాధారము.

కావున శ్రోతలకు మా మనవి: ఎన్ని చూచితిరి, ఎన్నింట సోకినదని వైద్యుని రెండు ప్రశ్నలు అడుగుడు. అడుగుట అమర్యాద కాదు. చూచినవి తక్కువైనచో, ఇక చేయదగినదేమని కూడ అడుగుడు. మెట్టు పెద్దదని విని రోగిని అప్పుడే పోయినవానిగా నెంచకుడు. ఆ మెట్టుననే యేండ్ల తరబడి జీవించువారును గలరు. నాలుగు ముద్దలకే కడుపు నిండుట, కారణము లేక చిక్కిపోవుట, నల్లని విరేచనము కనిపించినచో, ఆలస్యము చేయక పరీక్ష చేయించుకొనుడు. మొదటనే పట్టువడిన వ్యాధికి ఈ లెక్క చాల వరకు సున్న వద్దనే నిలుచును.