పనికి మరలు దారి

(భోగాపురమున చేసిన యుపన్యాసము)



పొట్ట చేతబట్టుకొని విశాఖపట్టణము పోయిన కూలిని జూచి జాలిపడుదుము. ఊరిలో అరుగుపై కూర్చున్నవానిని సోమరి యందుము. వాడు అరుగునకెట్లు చేరెనో విచారింపము.

మనకు సమీపముననున్న చిట్టివలస జూటు మిల్లు 2009లో మూతపడినది. ఇట్లు మిల్లు మూతపడిన చోట పోవునది జీతమొక్కటియే కాదు. ఇరువదియేండ్లు యంత్రము ముందు నిలిచిన చేతికి నార తెలియునుగాని వేరు పని తెలియదు. క్రొత్త యజమాని వయస్సడిగి పంపివేయును. అంగడి బాకీ తీర్చుటకు నేడు దొరికిన కూలికి పోవలసినవానికి రేపు మంచి పని వెదకుటకు తీరిక యెక్కడిది?

తీరికయున్నచో చదువుకొనవచ్చునుగదా యని పఠనాలయమునకు వచ్చు మనకు తోచును. ఆస్ట్రియా దేశమున మారియెంతాల్ గ్రామమున నేతమిల్లు మూతపడగా, అచ్చటి జనుల స్థితిని శోధించి 1933లో ప్రకటించిరి. తీరిక పెరిగినది, గ్రంథాలయమునుండి పుస్తకములు తీసికొనువారు తగ్గిరి! పురుషుల నడకయే మందగించినదట. పని లేమి మనుష్యుని యుత్సాహమును ముందుగా తినివేయును.

ఇక మన యూరి మాట. అల్లూరి సీతారామరాజు పేరిట విమానాశ్రయమునకు 2023 మే 3వ తేదీన శంకుస్థాపన జరిగినది. సుమారు 2,200 ఎకరముల నేల దానికి పోయినది. కొన్ని పల్లెలు గూడెపువలస, పోలిపల్లి కాలనీలకు తరలినవి. భూమిగలవానికి పరిహారము వచ్చును. తోటలో జీడిపిక్కలేరి బ్రతికిన యామెకో? ఆ పని ఇంటికి దగ్గర. బిడ్డ బడినుండి వచ్చునప్పటికి తానును ఇల్లు చేరెడిది. పది మైళ్లవతల ఎక్కువ కూలి యిత్తుమన్నను ఆమె పోలేదు. ఊరు తరలినప్పుడు పనికి పిలుచు మేస్త్రీయు, బిడ్డను చూచు పొరుగింటి యవ్వయు దూరమగుదురు. ఈ నష్టమునే లెక్కలోను వ్రాయరు.

2013 భూసేకరణ చట్టము మూడేండ్లుగా ఆ నేలపై కూలిచేసి బ్రతికిన భూమిలేని కుటుంబమును గూడ బాధిత కుటుంబముగా నెంచినది. ఇంటికొక్కరికి తగిన శిక్షణతో కనీస వేతనమునకు తగ్గని పని, లేదా ఒక్కమారు 5 లక్షల రూపాయలు, లేదా నెలకు 2,000 చొప్పున 20 ఏండ్లు అని మూడు దారులు చూపినది. అప్పులవాడు గుమ్మమున నిలిచియుండగా ఎవడు శిక్షణ కోరును? సొమ్మే కోరును, అది వడ్డీకిని పెండ్లికిని పోవును. దానిని అవివేకమనుట కడుపు నిండినవారి మాట. నిన్నటి రైతు నేడు తన పొలమున్నచోటనే కావలివాడై నిలుచుటకు సిగ్గుపడిన, ఆ సిగ్గునకు గూడ నేను నవ్వజాలను.

కావున శిక్షణ దినములకు భత్యము, ఉదయము కాలనీకి బండి, పనిచోట బిడ్డలకు నీడ — ఈ మూడింటిని ముందడుగుదము. పనుల ప్రకటనలు ఈ పఠనాలయపు గోడపై అంటించిన చాలదు. చదువరాని వారికై వారమున కొకనాడు మనలో నిద్దరు కాలనీలకు పోయి బిగ్గరగ చదివి, అర్జీలు వ్రాసి పెట్టవలెను. ఈ వారము గూడెపువలసకు ఎవరు వత్తురో సభ ముగియకమున్నే పేర్లిండు.