నియమము విడువరాదు, తనిఖీ ఆగవచ్చును



నేను బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. కంప్యూటరు పద్దులలోని యొక ధర్మసూక్ష్మమును నేడు మీకు మనవి చేసెదను.

మా బడి పట్టీ కంప్యూటరు కెక్కిన పిదప, ఒక సంఖ్య ఇద్దఱు పిల్లలకు ఉండరాదను నియమము పెట్టిరి. ఒకనాడు ఏడవవానికిని ఎనిమిదవవానికిని సంఖ్యలు తారుమాఱు చేయవలసి వచ్చెను. మొదటివానికి ఎనిమిది వ్రాయగా యంత్రము త్రోసిపుచ్చెను. రెండవవానికి ఏడు వ్రాసినను అంతియే. అంతట నొకనికి 99 అను దొంగసంఖ్య నిచ్చి, రెండవవానిని సరిదిద్దితిని. ఇంతలో గంట మ్రోగెను, మొదటివానిని మఱచితిని. ఆ యేటి ఉపకారవేతనపు జాబితాలో ఆ బాలుని పేరు రాలేదు. వాని తండ్రి నన్నొక్కమాటయు ననలేదు. అదియే నన్ను నేటికిని బాధించుచున్నది.

సమాచారమును పట్టికలుగా నిలుపు పద్ధతిని ఇ. ఎఫ్. కాడ్ గారు 1970లో ప్రకటించిరి. నేను చెప్పిన నియమమునకు అందు ‘యూనిక్’ అని పేరు. సామాన్యముగా యంత్రము ఒక్కొక్క వరుస వ్రాయునప్పుడే ఇండెక్సు చూచి తనిఖీ చేయును. ఆ తనిఖీని వాయిదా వేయుటకు 1992 నాటి ఎస్.క్యూ.ఎల్. ప్రమాణము త్రోవ చూపెను. 2010లో వెలువడిన పోస్ట్‌గ్రెస్ 9.0 యూనిక్ నియమమునకు ఆ వీలు కల్పించెను.

దాని పని యిట్టిది. నియమమును ముందే ‘డిఫరబుల్’ అని ప్రకటించి, తనిఖీని చివరి వఱకు వాయిదా వేయుమని కూడ ఆదేశింపవలెను. అప్పుడు వ్రాయుచున్న సంఖ్య వేఱొకనికి ఉన్నట్లు తోచినను యంత్రము త్రోసివేయదు. సందేహమని గుర్తు పెట్టుకొని వ్రాయనిచ్చును. పని ముగించి ‘కమిట్’ అన్నప్పుడు సందేహమున్నవానినే మరల పరీక్షించును. రెండు సంఖ్యలును సరిగా మాఱియున్న సమ్మతించును. లేనిచో పని యంతయు రద్దు. నడిమి గందరగోళము ఇతరుల కంటబడనే పడదు.

కళ్లములో నూర్పిడి నడుమ పొల్లును గింజయు కలిసియే యుండును. తూర్పారబట్టిన పిదపనే గదా కొలత!

అయినను దీనికి వెల కలదు. తప్పు చివరనే బయటపడును; కావున చేసిన శ్రమ యంతయు పోవచ్చును. వేఱొక పట్టిక ఈ సంఖ్యను ‘ఫారిన్ కీ’గా ఆధారము చేసికొనుటకును వీలులేదు. కనుక అవసరమైన చోటనే దీనిని వాడవలెను.

నియమము నాడు నాకు శత్రువువలె తోచెను. తప్పు నియమముది కాదు. వేళ కాని వేళ జరిగిన తనిఖీది, తొందరపడి దొంగసంఖ్య వ్రాసిన నాది. మీ యూరి పద్దులలో అట్టి సంఖ్య కనబడినచో, అది యెవ్వని పేరును మ్రింగినదో దయచేసి విచారింపుడు. సెలవు.