గుళిక మేత మప్పడం

తెనాలి కాలువల కింద చెరువులున్నవాళ్లు, బాపట్ల ఇసుక నేలల వాళ్లు, రేపల్లె ఉప్పునీటి వైపు వాళ్లు, అందరూ ఉన్నారిక్కడ. చెరువులు ఎన్ని రకాలైనా నన్నడిగేది ఒక్కటే: "పిల్ల వదిలి నాలుగు రోజులైందండీ, తేలే మేత ముట్టట్లేదు. కంపెనీ మార్చమంటారా?"

మార్చొద్దు. ఆ పిల్ల ఇన్నాళ్లూ ఏం తిని పెరిగిందో కనుక్కోండి. బొచ్చె, శీలావతి పిల్లను ఏడాదిపాటు ఒత్తుగా పెంచి, వంద గ్రాములు దాటాక పెద్ద చెరువులోకి మార్చడం మన రివాజు. ఆ ఏడాదంతా దాని తిండి తవుడూ, చెక్కా. అదీ గెడకు కట్టిన చిల్లుల సంచిని పొడుచుకుని తినడమే. నీటిమీద తేలే గుళిక తిండని దానికెవరు చెప్పారు? పైగా లాగుడు వల, లారీ ప్రయాణం, కొత్త నీళ్లు. ఒకటి రెండు రోజులు ఏమీ ముట్టకపోవడం మామూలే. ఎరువేసి పచ్చబరిచిన చెరువైతే ప్లాంక్టన్‌తోనే సరిపెట్టుకుంటుంది. బొచ్చెకైతే నీళ్లు వడకట్టుకుని తినడమే పుట్టుబుద్ధి. మోసు అడుగున తిరిగే చేప, పైకి తొందరగా రాదు. 1990ల నడుమ బంగ్లాదేశ్ మీదుగా బెంగాల్‌కీ, అక్కణ్ణుంచి మనకూ వచ్చిన పంగాసియస్ మాత్రం గుళిక కనపడితే ఎగబడుతుంది. పక్కవాడి పంగాసియస్‌ని చూసి మీ శీలావతిని తిట్టుకోకండి.

నా మటుకు, మొదటి వారం వేసే మేత బరువు పెంచడానికి కాదు, మప్పడానికే. పాత పద్ధతిలోనే చిల్లుల సంచిని గెడకు కట్టండి. తవుడులో నలిపిన గుళికలు కొద్దిగా కలిపి, రోజురోజుకూ వాటి పాలు పెంచండి. సంచి పక్కనే పైపుతో చట్రం చేసి నీటిమీద వదిలితే, చట్రంలో వేసిన గుళికలు గాలికి గట్టు చేరవు. తెల్లారుజామున వేయొద్దు. అప్పుడు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, చేప తిండి మీదకు రాదు. పొద్దెక్కాక, రోజూ అదే వేళకు, అదే చోట, చిటికెడే. అరగంటకీ మిగిలితే తీసేసి మర్నాడు తగ్గించండి. వదిలేస్తే కుళ్లి అమ్మోనియా అవుతుంది. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే, అది నీళ్లపాలు. "ఆకలికి అదే తింటుందిలే" అని బస్తాలు గుమ్మరించే ధైర్యం నాకైతే లేదు.

కొరమీను, పండుగప్ప సంగతి వేరు. అవి కదిలేదాన్నే వేటాడతాయి. చెరువులో వదిలాక మప్పుదామంటే ఆలస్యమైనట్టే. చిన్న పిల్లగా తొట్టెల్లోనో హాపాల్లోనో (వల గూళ్లలో) ఉన్నప్పుడే, చేప ముద్దలో గుళిక పొడి కలుపుతూ, ముద్ద తగ్గిస్తూ రావాలి. ఎదిగినదాన్ని ఎప్పటికప్పుడు వేరు చేయాలి, లేకపోతే పక్కదాన్నే మింగుతుంది. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబా 1997లో పండుగప్పచేత హేచరీలో గుడ్లు పెట్టించింది కాబట్టే చిన్నప్పటినుంచీ మప్పిన పిల్ల మనకు దొరుకుతోంది.

"మప్పిన పిల్లే" అని అమ్మేవాళ్లంతా అంటారు. బయానా ఇచ్చే ముందు మీ కళ్లెదుట ఓ గుప్పెడు గుళికలు వేయించండి. లోడెత్తే రోజున మాత్రం అడక్కండి, ప్రయాణానికి ముందు పిల్లను పస్తుంచాలి. రెండు మూడు రోజుల ముందే వెళ్లి చూసి రండి.