అవ్వకు మీటరు దూరంలో

(ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవ సభలో, పుత్తూరు బాలికల వసతి గృహం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు గురించి ఏడాది పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాం. ఈ రోజు ఒక కెమెరా గురించి చెబుతాం. అదీ చదువే.

రెండేళ్ళ కిందట మా హాస్టల్లో పదో తరగతి పిల్ల ఒకతె, వాళ్ళవ్వ చనిపోయిందని ఊరికి వెళ్ళింది. దినాలు అయ్యాక తిరిగొచ్చి, ఇంట్లో గోడకు తగిలించిన పటం గురించి చెప్పింది. అవ్వ బతికుండగా తీసిన ఫొటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు మీదున్న తపాలా బిళ్ళంత బొమ్మను పెద్దది చేయించి దండ వేశారు. అంత చిన్నదాన్ని అంత పెద్దది చేస్తే ఏముంటుంది, మచ్చలే. "అది మా అవ్వ కాదు మేడం, ఎవరో బెదిరిపోయిన మనిషి" అంది.

ఆ మాట మమ్మల్ని వదల్లేదు. ఆ ఆదివారం పిల్లల్ని అడిగాం: మీ ఇళ్ళల్లో అవ్వదో తాతదో మంచి ఫొటో ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి. అరవై మందిలో తొమ్మిది చేతులు లేచాయి. ఆ తొమ్మిదిలోనూ కొన్ని పెళ్ళి గుంపు ఫొటోలు, అవ్వ ఒక మూల సగం తెగిపోయి ఉంటుంది.

మన వాళ్ళ ఫొటోలు అసలు లేవని కాదు. 1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. యానాదులం మనం ఏడో సంపుటంలో ఉన్నాం. ఆయన మనుషుల ముక్కులు, తలలు కొలిచి అంకెలు రాసుకున్నాడు. అట్లాంటి పుస్తకాల్లో బొమ్మ కింద తెగ పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. 1940లలో హైమెన్‌డార్ఫ్ దొర చెంచుల్ని, కొండరెడ్లని, గోండుల్ని ప్రేమగానే తీశాడు. ఆ ఫొటోలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. ఇక ఎరుకల తాతల సంగతి మీకు తెలిసిందే. 1911 చట్టంతో నేరస్థ తెగల ముద్ర మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, దేశమంతటా పోవడానికి 1952 దాకా పట్టింది. ఆ తాతల వేలిముద్రలు తీసుకుని స్టేషన్లలో దాచారు. వాళ్ళు నవ్వుతున్న ఫొటో ఎంతమంది ఇళ్ళల్లో ఉంది?

"ఫోన్లున్నాయి కదా మేడం" అంటారు. ఉన్నాయి, ఫోన్ కెమెరా చెడ్డదని మేము అనడం లేదు. కానీ ఫోన్‌లో తీసిన అవ్వ ఫోన్‌తోనే పోతోంది. నీళ్ళల్లో పడితే పోతుంది, రీసెట్ చేస్తే పోతుంది. పైగా మీరు వాడే ఆ ఫిల్టర్లు! అవ్వ నలుపును కడిగేసి, నుదుటి ముడతలు చెరిపేసి, పిండి పూసినట్టు చేస్తాయి. పచ్చబొట్టు కూడా మాయమైపోతుంది. ఇంకోటి, ఫోన్ ఎత్తగానే టక్కున అయిపోతుంది. మాకు టక్కున అవ్వనిది కావాల్సి వచ్చింది. ఎందుకో తర్వాత చెబుతాం.

సరే, అందరూ కుడి చేతి బొటనవేలు ముక్కుకు ఎదురుగా చాపి పట్టుకోండి. ఎడమ కన్ను మూయండి. ఇప్పుడు అది తెరిచి కుడి కన్ను మూయండి. వేలు పక్కకు గెంతింది కదా? వేలు దగ్గరుంటే ఎక్కువ గెంతుతుంది, దూరముంటే తక్కువ. రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఉన్నది ఈ లెక్కే. దాని ముఖాన రెండు చిన్న కిటికీలుంటాయి, అవి మన రెండు కళ్ళ లాంటివి. లెన్స్ తిప్పుతుంటే చూసే అద్దంలో రెండుగా కనబడే మొగం ఒకటిగా కలుస్తుంది. కలిసిందా, ఫోకస్ అయింది. జర్మనీలో లైకా కంపెనీ లెన్స్‌తో జోడించిన రేంజ్‌ఫైండర్‌ను 1932లో తెచ్చింది. ఫ్రాన్స్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ 1948లో గాంధీగారి చివరి రోజుల్లో ఢిల్లీలో ఉన్నది అట్లాంటి లైకాతోనే. ఎక్కువగా 50 మిల్లీమీటర్ల లెన్స్ ఒక్కటే వాడేవాడు.

అసలు లైకా కొనాలంటే మన ఇల్లు అమ్మినా చాలదు. కానీ ఆ లెన్సుల బిగింపునే, 39 మిల్లీమీటర్ల మర చుట్టునే తీసుకుని, సోవియట్ దేశం జోర్కి, ఫెడ్ అని కెమెరాలు చేసింది, వాటికి లెన్సులూ చేసింది. వాటిలో జుపిటర్-8 ఒకటి. జర్మనీ జైస్ కంపెనీ సొనార్ లెన్స్ నమూనా మీద మాస్కో దగ్గర చేసిన 50 మిల్లీమీటర్ల లెన్స్. అపర్చర్ 2 దాకా తెరుచుకుంటుంది, అంటే చీకటి గుడిసెలోనూ పనిచేస్తుంది. మేము తీసుకున్నది అదే. కెమెరా పాత సోనీ ఏ5000, ఎవరో వాడి అమ్మినది. మధ్యలో ఒక రింగు. మా జీతంలో కొంత, ఇద్దరు టీచర్ల చందా కొంత, మొత్తం ఇరవై వేలకు అటూ ఇటూ అయింది.

ఆ రింగు సంగతి ఆరో తరగతి తీసివేత లెక్క. జుపిటర్-8 తన కూర్చునే అంచు నుంచి ఫిల్ము దాకా 28.8 మిల్లీమీటర్ల దూరం కోరుతుంది. పెళ్ళిళ్ళలో కనిపించే పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్‌లో లోపల అద్దం పైకీ కిందికీ ఆడాలి కాబట్టి కెనాన్‌లో ఆ దూరం 44, నికాన్‌లో 46.5. లెన్స్ కావాల్సినంత లోపలికి వెళ్ళలేదు. మిర్రర్‌లెస్ అంటేనే అద్దం లేనిది. సోనీలో ఆ దూరం 18 మాత్రమే. 28.8లోంచి 18 తీసేస్తే 10.8. ఆ మిగిలిన 10.8 మిల్లీమీటర్ల ఖాళీని నింపేదే రింగు. అందులో గాజు లేదు, కరెంటు లేదు, ఉత్త లోహం.

ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే మా డబ్బులు కొన్ని మిగిలేవి. మొదట మేము కొన్నది జుపిటర్ కాదు, ఇండస్టార్-50. అమ్మినాయన 39 మర లెన్సే అన్నాడు, అబద్ధమేమీ కాదు. మర సరిగ్గా బిగిసింది. కానీ ఎంత తిప్పినా దగ్గరా లేదు, దూరమూ లేదు, అంతా మసక. రెండు రోజులు కెమెరానే తిట్టుకున్నాం. ఇండస్టార్-50 రెండు రకాలని తర్వాత తెలిసింది. ఒకటి రేంజ్‌ఫైండర్‌కు, ఇంకోటి జెనిత్ అనే అద్దం కెమెరాకు. మర ఒకటే, కోరే దూరం వేరు, జెనిత్ ది 45.2. మీరెవరైనా కొంటే మర చూసి మురిసిపోకండి, ఏ కెమెరాకు చేసిందో అడగండి. గాజులో దారాల్లాంటి బూజు ఉందా అని టార్చి వేసి చూడండి.

కెమెరాకు ఈ లెన్స్ కనబడదు. లెన్స్ లేదనుకుని క్లిక్ కొట్టనివ్వదు. మెనూలో "రిలీజ్ వితౌట్ లెన్స్" అనేదాన్ని ఎనేబుల్ చెయ్యాలి. మోడ్ "ఏ"లో పెడితే వెలుతురు లెక్క కెమెరా చూసుకుంటుంది, అపర్చర్, ఫోకస్ మన చేతిలో. పీకింగ్ ఆన్ చేస్తే ఫోకస్ పడిన అంచులకు ఎర్ర రంగు పూస్తుంది. అది సాయమే గానీ దాన్నే నమ్ముకుంటే దెబ్బ తింటారు. పెద్దగా చేసి చూపే భూతద్దాన్ని ఒక బటన్‌కు అప్పజెప్పి, కంటి రెప్ప వెంట్రుక మీద చూసుకోవాలి. మన ఊరు విరిగిన ఎముకల కట్టుకు పేరుపడింది కదా, వాళ్ళు వేలితో తడిమి తడిమి చోటు పట్టుకుంటారే, అట్లా రింగును కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు. దూరం సరిగ్గా ఉందో లేదో మా పిల్లలు నగరి కొండ ముక్కు మీద పరీక్ష పెట్టారు.

ఈ లెన్స్ మీటరు కంటే దగ్గరకు ఫోకస్ కాదు. మీటరు దూరంలో, పూర్తి తెరిచి తీస్తే, స్పష్టంగా ఉండేది మూడు సెంటీమీటర్ల మందం మాత్రమే. కన్ను బాగుంటే చెవి మసక. కాబట్టి వెలుతురు ఉంటే 4కో 5.6కో మూయండి. అపర్చర్ రింగుకు టక్ టక్‌మని ఆగే మెట్లు లేవు, చెయ్యి తగిలితే జరిగిపోతుంది, చూసుకుంటూ ఉండండి. అవ్వను గుమ్మంలో కూర్చోబెట్టండి, మొగం బయటికి. వెనక సున్నం గోడ ఉంటే కెమెరా ఆ తెలుపుకు బెదిరి అవ్వ మొగాన్ని చీకటి చేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ ప్లస్ ఒకటి. మన నలుపును కెమెరాకు మనమే నేర్పాలి.

ఇప్పుడు ఆ టక్కున అవ్వకపోవడం గురించి. కొండ కింద ఒక కాలనీలో ఒక అవ్వ మమ్మల్ని చూడగానే లోపలికి పోయింది. "నా మొగం ఏంటికి మే? బియ్యం మూట ఏది?" అని అడిగింది. మాకు మొదట అర్థం కాలేదు. వానలకు గుడిసెలు పడినప్పుడు మూటలు తెచ్చినవాళ్ళు మూట పట్టుకుని నిలబడమన్నారట. అందుకని ఫొటో అంటే చెయ్యి చాపడం అనుకుంది. మేము కెమెరా సంచిలో పెట్టేశాం. ఆ రోజు తియ్యలేదు. మా పిల్లలు నీళ్ళ బిందె మోసిచ్చి, ఆమె ఎలుకల బుట్ట ఎట్లా అల్లుతుందో చూసి వచ్చారు.

రెండోసారి వెళ్తే ఆమే బయటికొచ్చి కూర్చుంది. తొమ్మిదో తరగతి పిల్ల మీటరు దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని రింగు తిప్పుతోంది. మొదటి అర నిమిషం అవ్వ ఆధార్ సెంటర్లో కూర్చున్నట్టే బిగుసుకుంది. అంతసేపు ఎవరు బిగుసుకోగలరు? భుజాలు దిగాయి, వక్క నోట్లో ఇటు నుంచి అటు మారింది. "ఇంకా అవ్వలేదా మే, నేను పొయ్యేలోపల తీస్తావా?" అని నవ్వింది. అప్పుడు నొక్కింది మా పిల్ల. ఫోకస్ కొంచెం చెవి వైపు పోయింది. మేము ఆ ఫొటోనే ఉంచాం.

ఇప్పటికి నలభై ఒక్క మందిని తీశాం. ప్రతి ఫొటో కింద ఆ మనిషి చెప్పిన పేరు, ఊరు, చెప్పినంత వరకు ఇంటిపేరు, తీసిన పిల్ల పేరు రాస్తున్నాం. రెండు ప్రింట్లు వేయించి ఒకటి వాళ్ళ చేతిలోనే పెడుతున్నాం. వద్దన్నవాళ్ళవి తియ్యలేదు, నలుగురు వద్దన్నారు. వాళ్ళు ఒప్పుకోనిదే ఏదీ ఎక్కడా పెట్టం. ఈ సంచికలోనూ అందుకే ఫొటోలు లేవు, నిర్వాహకులు మన్నించాలి.

ఆ నవ్విన అవ్వ మొన్న వేసవిలో చనిపోయింది. ఇంట్లో గోడ మీద ఉన్నది ఆ చెవి వైపు ఫోకస్ పోయిన ఫొటోనే. ఆ రోజు తీసిన పిల్ల అక్కడికి వెళ్ళి చూసి వచ్చి, "ఈసారి కంటి మీద పెడతాను మేడం" అంది.

కెమెరా మా ఆఫీసు బీరువాలో ఉంటుంది. ఈ చుట్టుపక్కల కాలనీల పిల్లలు ఎవరైనా, ఆడైనా మగైనా, మీ అవ్వ తాతల కోసం అడిగితే శనివారం సాయంత్రం తీసుకెళ్ళి సోమవారం ఉదయం ఇవ్వొచ్చు. రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. బ్యాటరీ చార్జి చేసి ఇవ్వండి. లెన్స్ మూత పారేస్తే మాత్రం మాతో పెట్టుకున్నట్టే, ఆ సైజు మూత ఈ జిల్లాలో దొరకడం లేదు.