ఆశ్చర్యమును దెలుపు ఆంగ్లపదము: "వావ్"
(రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగపాఠము)



ఆశ్చర్యము కలిగినపుడు మనుజుని నోట మొదట వెలువడునది వాక్యము కాదు, ఒక కేక. తెలుగువాడు "ఔరా" యనును, "ఆహా" యనును. ఆంగ్లేయుడు "వావ్" అనును. నేడు మన పిల్లల నోటను ఆ మాట వినబడుచున్నది. చెవిని బడిన మాట నాలుకపైకి సులభముగ వచ్చును. దాని యర్థములు తెలియుటకు మాత్రము నిఘంటువు తెరువవలసినదే.

ఈ పదము నిన్న మొన్నటిది కాదు. స్కాట్లండు దేశమున పుట్టినది. గవిన్ డగ్లస్ అను కవి 1513లో ముగించిన వర్జిల్ కావ్యానువాదమున దీనిని వాడెను. 1791లో వెలువడిన బర్న్స్ కవి "టామ్ ఓ షాంటర్"లోను ఇది కలదు. ఆ కాలమున ఇది కేవలము ఆశ్చర్యార్థకము.

1920 ప్రాంతమున అమెరికా నాటకరంగమువారు దీనిని నామవాచకము గావించిరి. ప్రేక్షకులను మిక్కిలి రంజింపజేసిన ప్రదర్శనమునకు "వావ్" అని పేరు వచ్చినది. కొలది కాలమునకే ఇది క్రియయు నైనది. ఆ క్రియను తెలుగున "ఔరా యనిపించుట" యనవచ్చును. కేక పేరుగా మారుట మనకును క్రొత్త గాదు. పారసీకమున "సంతోషముగా నుండుము" అను దీవెనయే మన "శభాషు" అయినది. "వాడు నలుగురిచేత శభాషు అనిపించుకొనెను" అని మనము చెప్పుకొనుట లేదా?

ఇచట ఒక చిక్కు కలదు. ధ్వనిని అనుకరించి పుట్టిన మరియొక "వావ్" ఉన్నది. గ్రామఫోను పలకకు నడిమి రంధ్రము సరిగా మధ్యన లేనిచో, పలక తిరుగునపుడెల్ల పాట శ్రుతి మెల్లగా పైకి పోయి క్రిందికి దిగును. ఆ దోషమునకు "వావ్" అని పేరు. కనుక పాటయంత్రమున "వావ్" మిక్కిలి తక్కువ యని వ్రాసియున్నచో అది నింద కాదు, మెప్పు! మొదటి యర్థము మాత్రమే యెరిగినవాడు మంచి యంత్రమును విడిచిపోవును.

ఈ మాట శాస్త్రజ్ఞుల చరిత్రలోను నిలిచినది. 1977 ఆగస్టు 15వ తేదీన అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమువారి రేడియో దూరదర్శిని ఆకాశమునుండి 72 సెకండ్లపాటు ఒక బలమైన సంకేతమును గ్రహించెను. కొన్ని దినముల పిమ్మట జెర్రీ ఎహ్మన్ అను ఖగోళజ్ఞుడు ఆ అచ్చుకాగితమును పరిశీలించి, ప్రక్కన ఎఱ్ఱసిరాతో "వావ్!" అని వ్రాసెను. ఆ కేకయే ఆ సంకేతమునకు నామధేయమైనది. దాని మూలము నేటికిని నిర్ధారణ కాలేదు.

ఇది స్నేహితుల మధ్య చెల్లు మాట. అర్జీలోను, పరీక్షాపత్రమునను దీనికి చోటు లేదు. యువకులు దీనిని నేర్చుకొనుట తప్పు గాదు. "ఔరా"ను మరచుట తప్పు. గ్రంథాలయపు బీరువాలో ఆంగ్ల నిఘంటువును, తెలుగు నిఘంటువును ప్రక్కప్రక్కనే యుండును. రెండింటిని తెరచినవాడే ఏ మాట ఎచట పలుకవలెనో యెరుగును.